ఎర్త్ చూశారా?

కిందటి అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున్న, షీలానగర్ దగ్గర, మా కారుకి బలం పోయింది.

ఆగిపోలేదు. ఆగిపోయుంటే అదొక రకం భయం. ఇంజన్ తిరుగుతూనే ఉంది, ఏసీ వస్తూనే ఉంది, పాటలు కూడా వస్తున్నాయి. యాక్సిలరేటర్ అడుగంటా నొక్కినా ముల్లు మాత్రం ఇరవై దాటడం లేదు. ఎదురుగా పసుప్పచ్చ రంగులో ఇంజన్ బొమ్మ వెలిగింది. పోర్టు వైపునుంచి వచ్చే రోడ్డు అక్కడే హైవేలో కలుస్తుంది. బయట ముసురు. వెనక బొగ్గు లారీలు. అద్దంలో లారీ మూతి తప్ప ఇంకేమీ కనపడటం లేదు. ఒకటే హారన్లు.

పక్క సీట్లో నాన్న. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒళ్ళో పళ్ళ సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. కూర్మన్నపాలెంలో ఆయనతో పనిచేసిన స్నేహితుడి ఇంటి గృహప్రవేశానికి వెళ్తున్నాం.

"హజార్డ్ లైట్లు వెయ్యి తల్లీ. ఎడమకి తియ్యి. ఏసీ ఆపు," అన్నాడు. కంగారు లేదు. షిఫ్టులో ఎవరో కుర్రాడికి చెబుతున్నట్టు చెప్పాడు.

పక్కకి తీసి ఇంజన్ ఆపాను. అయిదు నిమిషాలాగి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే పరిగెత్తింది. పచ్చలైటు మాత్రం పోలేదు. గృహప్రవేశానికి వెళ్ళాం, భోంచేశాం, తిరిగొచ్చాం. దారిలో నాన్న అన్నాడు: "సర్వీసుకి ఇచ్చేటప్పుడు ఎర్త్ చూడమని చెప్పు." సరే అన్నాను. ఎన్ఏడీ దాటాక మళ్ళీ అన్నాడు. గురుద్వారా దగ్గర మళ్ళీ. ఇంటి గేటు తీస్తుంటే నాలుగోసారి. అదే దారిలో, మనం వెళ్ళొచ్చింది ఎవరింటికి అని రెండుసార్లు అడిగాడు.

ఈ రెండింటినీ నేను ఒకే ఖాతాలో వేసేశాను. ఈ వ్యాసం రాస్తున్నది ఆ లెక్క సరిచేసుకోడానికే.

*

నాన్న ముప్పై ఏళ్ళు విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేశాడు. 1987లో చేరాడు, 2017లో రిటైరయ్యాడు. వైర్ రాడ్ మిల్లులో మెయింటెనెన్స్. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు వచ్చి ప్లాంటుని జాతికి అంకితం చేసినప్పుడు మేం ఉక్కునగరం క్వార్టర్‌లో ఉన్నాం. ఆ రోజు నాన్నకి డ్యూటీ. ఊరంతా పండగైతే ఆయన మిల్లులో ఉన్నాడని అమ్మ చాలా ఏళ్ళు చెప్పుకునేది.

అమ్మ పోయాక నా దగ్గరికొచ్చాడు. మేం ఉండేది లాసన్స్ బే కాలనీలో. సముద్రం ఇంటికి ఎంత దగ్గరంటే, బాల్కనీ గ్రిల్లుకి ఏడాదికోసారి రంగు వెయ్యకపోతే తుప్పు చేతికంటుతుంది. ఈ కారు నాన్నదే. రిటైరైనప్పుడొచ్చిన డబ్బుతో కొన్నాడు. మొన్న మొన్నటి దాకా తనే నడిపేవాడు.

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం పెరుగు ప్యాకెట్టుకని వెళ్ళినవాడు రాలేదు. రాత్రి తొమ్మిదింటికి ఉక్కునగరం నుంచి ఫోనొచ్చింది. మా పాత క్వార్టర్ ముందు కారు పెట్టుకుని కూర్చున్నాడట. ఆ ఇంట్లో ఇప్పుడుంటున్నవాళ్ళు మంచివాళ్ళు, మంచినీళ్ళిచ్చి, ఫోన్లో నా నంబరు వెతికి చేశారు. నాన్న అంత దూరం, అంత ట్రాఫిక్‌లో, ఒక్క గీత పడకుండా నడుపుకుంటూ వెళ్ళాడు. నడపడం మర్చిపోలేదు. ఇల్లెక్కడో మర్చిపోయాడు.

ఆ మర్నాడు కారు తాళాలు బియ్యం డబ్బాలో దాచాను. నాన్న వెతకలేదు, అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

*

సర్వీస్ సెంటర్లో డాష్‌బోర్డు కింద ఒక చిన్న పెట్టె తగిలించారు. స్టీరింగ్ కింద మోకాలి దగ్గర పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. అమెరికాలో 1996 నుంచి ప్రతి కొత్త కారుకీ అది ఉండి తీరాలన్నారు. మన దేశంలో ఈ పద్ధతి 2010 ఏప్రిల్‌లో మొదటి దశగా, 2013 ఏప్రిల్‌లో రెండో దశగా వచ్చింది. దాని పుట్టుక పొగ గురించి. ఇంజన్ మామూలుకంటే ఎక్కువ విషం వదులుతుంటే బండి తనంతట తనే చెప్పాలని ఆ పచ్చలైటు పెట్టించారు.

స్క్రీన్ మీద పి061బి అని వచ్చింది. ఈ కోడ్‌లకి ఒక వ్యాకరణం ఉంది. మొదటి అక్షరం 'పి' అంటే ఇంజను, గేర్‌బాక్సు వైపు గొడవ. తర్వాత సున్నా అంటే అన్ని కంపెనీలకీ ఉమ్మడి అర్థమున్న కోడ్. ఒకటి ఉంటే ఆ కంపెనీ సొంతం. మూడోదైన ఆరు, తేడా కంప్యూటర్ తరఫున ఉందని చెబుతుంది. మొత్తం కలిపి చదివితే, లోపలి కంట్రోల్ మాడ్యూల్ వేసే టార్క్ లెక్క కుదరడం లేదని.

"కంప్యూటర్ పోయింది మేడమ్. ఈసీయూ మార్చాలి. పార్టు యాభై ఎనిమిది వేలు. ప్రోగ్రామింగ్ వేరే," అన్నాడు అక్కడి కుర్రాడు. తెల్ల చొక్కా, చేతిలో టాబ్లెట్. మర్యాదగానే మాట్లాడాడు.

నాన్న పక్కనుంచి అడిగాడు: "ఎర్త్ చూశారా?"

కుర్రాడు నాన్నకి జవాబు చెప్పలేదు. నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. పెద్దవాళ్ళు ఏదో అంటారు, మీకు తెలుసు కదా, అన్న నవ్వు. నేను కూడా నవ్వాను.

ఆ నవ్వు నేను మర్చిపోలేను. నాన్న చూశాడో లేదో నాకిప్పటికీ తెలీదు.

*

యాభై ఎనిమిది వేలు ఊరికే ఇచ్చేసేంత డబ్బు నాకు లేదు. కాబట్టి ఆ రాత్రి టార్క్ అంటే ఏమిటో చదవడం మొదలుపెట్టాను. నేను చదివింది తెలుగు సాహిత్యం. భ్రామకం అనే మాట ఇంటర్లో విన్నాను, పరీక్ష రాసి వదిలేశాను.

టార్క్ అంటే తిప్పే బలం. టైరు నట్టు ఊడకపోతే మెకానిక్ స్పానర్‌కి పైపు తొడిగి పొడుగు చేస్తాడే, అదీ విషయం. అదే చెయ్యి, పిడి పొడుగైతే ఎక్కువ తిప్పుతుంది. మా కారులాంటి చిన్న పెట్రోలు బండి మహా అయితే నూట పది న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. మీటరు పొడుగు పిడి చివర పదకొండు కేజీల బరువు వేలాడదీసినంత. అరబస్తా బియ్యం కూడా కాదు. అది నిమిషానికి కొన్ని వేల సార్లు తిరుగుతుంది, గేర్లు దాన్ని పెంచుతాయి, మనం కొండెక్కుతాం.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకోటి. మామూలు కార్లలో టార్క్‌ని కొలిచే పరికరమే ఉండదు. కంప్యూటర్ అంచనా వేస్తుంది. ఎంత గాలి లోపలికెళ్ళింది, ఎంత పెట్రోలు పడింది, నిప్పురవ్వ ఎప్పుడు వెలిగింది అనే వాటినుంచి, ఇంత టార్క్ వచ్చి ఉండాలి అని లెక్క కడుతుంది. పాత బండ్లలో యాక్సిలరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఒక తీగ ఉండేది. కాలు నొక్కితే తీగ లాగేది, గాలి కవాటం తెరుచుకునేది. ఇప్పుడు ఆ తీగ లేదు. మన కాలు ఒక అర్జీ పెడుతుంది. ఇంత బలం కావాలట అని కంప్యూటర్ చదువుకుని, కవాటాన్ని ఒక మోటారుతో తెరుస్తుంది.

మధ్యలో తీగ లేదు కాబట్టి భయం ఎక్కువ. కంప్యూటర్ పొరబడి మనం అడగని బలం ఇచ్చిందంటే కారు దానంతటది దూసుకుపోతుంది. అందుకని జర్మనీ కార్ల కంపెనీలు కలిసి ఒక కాపలా పద్ధతి రాసుకున్నాయి. అందులో మూడు అంచెలు. మొదటి అంచె పని చేస్తుంది. రెండోది ఆ పనిని వేరే దారిలో మళ్ళీ లెక్క కట్టి, డ్రైవరు అడిగిన దానికీ ఇంజన్ ఇస్తున్న దానికీ పొంతన ఉందా అని చూస్తుంది. మూడో అంచెలో వేరే చిన్న చిప్పు ఒకటి, పెద్ద ప్రాసెసర్‌ని ఎడతెరిపి లేకుండా ప్రశ్నలడుగుతుంది. జవాబు తప్పినా, ఆలస్యమైనా అనుమానిస్తుంది. ఇప్పటి కార్లలో చాలావరకు ఇలాంటి ఏర్పాటే ఉంటుంది. లెక్కలు కుదరకపోతే బండి బలాన్ని తగ్గించేసుకుని, ఇంటికి చేరడానికి సరిపోయేంతే ఇస్తుంది. షీలానగర్లో మాకు జరిగింది అదే.

అంటే ఆ కోడ్ ఫలానా సామాను పోయిందని చెప్పడం లేదు. రెండు లెక్కలు కలవడం లేదని మాత్రమే చెబుతోంది. లెక్క కట్టేవాడు పిచ్చివాడై ఉండొచ్చు. లేదూ, వాడికి అందుతున్న అంకెలే తప్పయి ఉండొచ్చు. సర్వీస్ సెంటర్ వాళ్ళు మొదటిది అనుకున్నారు. ఎందుకంటే కోడ్ పేరులో కంప్యూటర్ ఉంది.

*

ఇంత చదివినదాన్ని కదా, మర్నాడు నేనేం చేశానో చెప్పాలి.

అంకెలు తప్పు అందడానికి కారణాల్లో బ్యాటరీ కనెక్షన్లు కూడా ఉన్నాయని చదివాను. జూన్‌లో బ్యాటరీ మార్చింది నాన్నే. షాపువాడు ఇంటికి తెచ్చి ఇస్తే, బిగించడానికి వాణ్ణి ముట్టుకోనివ్వలేదు. నాకు తళుక్కుమని వెలిగింది.

"నాన్నా, బ్యాటరీ నువ్వే కదా బిగించావు? ఏదో వదులుగా వదిలేశావు. అందుకే ఇదంతా," అన్నాను. గొంతు పెద్దది చేశానని నాకు తెలుసు. షీలానగర్లో అద్దంలో కనపడిన లారీ ఇంకా నా వెనకే ఉంది.

నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టాడు. కాదని వాదిస్తాడనుకున్నాను. ముప్పై ఏళ్ళు బోల్టులు బిగించిన మనిషి.

"అయ్యుండొచ్చు తల్లీ," అన్నాడు. "నాకు గుర్తు లేదు. నేనే సరిగ్గా బిగించలేదేమో."

వాదించి ఉంటే నేను గెలిచేదాన్నో, ఓడేదాన్నో. ఆయన తన మీద వచ్చిన నేరాన్ని, చెయ్యలేదని చెప్పుకోడానికి జ్ఞాపకం లేక, ఒప్పేసుకున్నాడు. నేను ఆ ఒప్పుకోలునే సాక్ష్యంగా తీసుకున్నాను.

*

రెండోసారి హనుమంతువాక దగ్గర బలం పోయాక, గాజువాక ఆటోనగర్‌కి వెళ్ళాం. నాన్న పాత స్నేహితుడు చెప్పిన చోటు. రేకుల షెడ్డు, రెండు కార్లు పట్టే జాగా, గోడకి లక్ష్మీదేవి క్యాలెండరు. మేస్త్రికి యాభై దాటి ఉంటాయి. కళ్ళద్దాలకి దారం కట్టుకున్నాడు. ఆయన దగ్గర కూడా కోడ్‌లు చదివే పెట్టె ఉంది.

వెళ్ళే దారిలో నాన్న మిల్లు గురించి చెప్పాడు. ఎర్రగా కాలిన బిల్లెట్టు వరసగా స్టాండ్ల మధ్యనుంచి నలుగుతూ, సన్నబడుతూ, చివరికి తీగై చుట్టలు చుట్టుకుంటుంది. ఒక్కోసారి ఏదో ఒక స్టాండు మోటారు లోడు తట్టుకోలేక ట్రిప్ అయ్యేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మోటారు విప్పుతామనేవాళ్ళట. "మోటారు ఏం చేసింది పాపం? బిల్లెట్టు ఫర్నేసులో సరిగ్గా కాగకుండా వచ్చింది. చల్లటి ఇనుముని నలపాలంటే టార్క్ ఎక్కువ కావాలి. తప్పు అక్కడెక్కడో ఫర్నేసులో ఉంది. ట్రిప్ ఇక్కడ కనపడింది." ఈ కథ ఆయన ఇంతకు ముందు చాలాసార్లు చెప్పాడు. మొదటిసారి విన్నాను.

మేస్త్రి కోడ్ చూసి, దాన్ని చెరిపెయ్యలేదు. "చెరిపీడం తేలికేనమ్మా. చెరిపేస్తే దీనికి గురుతుండదు," అన్నాడు. కోడ్ పడ్డ క్షణంలో బండి ఏ స్థితిలో ఉందో కంప్యూటర్ ఒక ఫొటోలాగ దాచుకుంటుంది. ఇంజన్ వేగం, వేడి, కాలి కింద పెడల్ ఎంత నొక్కి ఉంది, కొన్ని బండ్లలో వోల్టేజీ కూడా. అది తీసి చూశాడు.

"ఏసీ ఏసున్నారా అప్పుడు?"

వేసే ఉంది. రెండుసార్లూ.

"హెడ్‌లైట్లు?"

మొదటిసారి ముసురు. రెండోసారి చీకటి. రెండుసార్లూ వేసే ఉన్నాయి.

"పొద్దున్న సెల్ఫు కొట్టినప్పుడు కాస్త బద్ధకంగా తిరుగుతోందా?"

నాకు తెలీదు. నాన్న అన్నాడు: "తిరుగుతోంది. ఏసీ వెయ్యగానే లైట్లు కూడా ఒక్కసారి కళ్ళు మూసి తెరిచినట్టు అవుతున్నాయి."

మేస్త్రి మొదటిసారి తలెత్తి నాన్నని చూశాడు. "ఎర్తు చూపించారా బాబుగారూ?"

"చూడమన్నాను," అన్నాడు నాన్న. ఎవరికి చెప్పాడో అనలేదు.

*

నేను అప్పటిదాకా ఎర్త్ చూడటమంటే తీగ ఉందో లేదో చూడటం అనుకున్నాను. మేస్త్రి ముందు మీటరు ఓముల్లో పెట్టి ఆ తీగ రెండు కొసలకీ ఆనించాడు. దాదాపు సున్నా. తీగ బాగానే ఉందని చెబుతోంది మీటరు.

"ఇదండీ మోసం," అన్నాడు. "లోపల నూరు పోగులు ఉండాల. తొంభై తెగిపోనా, మీటరు బాగుందనే అంటాది. పదిమంది లాగాల్సిన తాడుని ఒక్కడు పట్టుకున్నా తాడు బిగువుగానే కనపడతాది. బరువేస్తేగానీ బండారం తెలీదు."

తర్వాత మీటరు వోల్టుల్లోకి మార్చాడు. ఒక పుల్ల బ్యాటరీ నెగెటివ్ మీద, ఒకటి ఇంజన్ లోహం మీద. ఇంజన్ స్టార్ట్ చేయించాడు. 0.09. ఏసీ వెయ్యమన్నాడు, లైట్లు, వైపర్లు, వెనకద్దం హీటరు, అన్నీ. రేడియేటర్ ఫ్యాను గుయ్యిమంది. అంకె ఎక్కడం మొదలెట్టింది. 0.31. 0.47. 0.58 దగ్గర ఆగింది.

"పదో వంతు వోల్టు ఉండొచ్చు. మరీ అయితే రెండు. ఇది అరవై దగ్గరుంది," అన్నాడు. పైసల లెక్కలో చెప్పాడు.

నాన్న వేళ్ళ మీద లెక్క కట్టాడు. అన్నీ వేస్తే నలభై ఆంపియర్ల దాకా పారుతుంది. అర వోల్టు పైన పోవాలంటే తీగలో నిరోధం ఎంతుండాలి? ఓములో వందో వంతున్నర. అంత చిన్న అంకె మేస్త్రి చేతిలో ఉన్న మీటరుకి ఓముల్లో కనపడదు. కానీ నలభై ఆంపియర్లకి కనపడుతుంది. ప్రశ్న నోటికొచ్చినట్టు కాక, బరువు పెట్టి అడిగితే జవాబొచ్చింది.

ఆ అర వోల్టు ఎందుకంత ముఖ్యమో కూడా అక్కడే అర్థమైంది. బండిలో సెన్సర్లు మాట్లాడేదంతా వోల్టుల్లోనే. చాలావాటికి సున్నా నుంచి అయిదు దాకానే జాగా. ఏ వోల్టుని కొలవాలన్నా ఎక్కడో ఒక సున్నా కావాలి. బండికి ఆ సున్నా పేరే ఎర్త్. ఆ సున్నాయే కదిలిపోతే, కొలిచిన ప్రతిదీ కదిలిపోతుంది. కంప్యూటర్‌కి ఏమీ కాలేదు. కాళ్ళ కింద నేల కదులుతుంటే పాపం అది తన లెక్కనే అనుమానించుకుంది.

నాకు "నేనే సరిగ్గా బిగించలేదేమో" అన్న మాట గుర్తొచ్చింది. అక్కడ ఏమీ అనలేకపోయాను.

మేస్త్రి ఇంకో పని చేశాడు. జంప్ స్టార్ట్ చేసే లావుపాటి కేబుల్ తెచ్చి, ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కి, రెండోది ఇంజన్ ఎత్తడానికుండే కొక్కేనికి తగిలించాడు. ఉన్న తీగకి తోడుగా ఇంకో దారి. మీటరు 0.58 నుంచి 0.05కి పడిపోయింది. ఒక్క నట్టు విప్పకుండా, ఒక్క సామాను కొనకుండా, రోగం పేరు తేలింది.

ఆ తర్వాతే బ్యాటరీ విప్పాడు. నేను దగ్గరికెళ్ళి నిలబడ్డాను. చూడాలి కదా.

బ్యాటరీ టెర్మినల్ మీద బోల్టు గట్టిగా ఉంది. మేస్త్రి స్పానర్ పెట్టి కొంచెం బలంగానే లాగాల్సి వచ్చింది. చుట్టూ వేజిలీన్ రాసి ఉంది, పల్చగా, సమంగా. "ఇది ఎవరు బిగించారోగాని పనోడండీ," అన్నాడు.

తప్పు రెండో కొసన ఉంది. బ్యాటరీ ట్రే కింద, గేర్‌బాక్సు మీద బిగించిన చోట, పైనుంచి ఎవరికీ కనపడని చోట. తీగ తొడుగు కోసి చూపించాడు. రాగి పోగులు రాగి రంగులో లేవు. ఆకుపచ్చగా, పొడిపొడిగా, చేత్తో నలిపితే రాలిపోయాయి. పాచిపట్టిన నాచులాగ.

"మీరు ఉండేది బీచి దగ్గరేటమ్మా?"

అవునన్నాను.

"ఉప్పుగాలి. ఈ ఊళ్ళో బళ్ళకి మైలేజీతో పని లేదండి. సముద్రానికి ఎంత దూరంలో పండుకుంటాదో అదీ లెక్క."

కొత్త తీగ పక్క బ్యాటరీ షాపులో కొలిచి, కొసలు నొక్కించి తెచ్చాడు. మూడు వందల యాభై. చేతికూలి అయిదు వందలు. లోహం మీద తుప్పు గీకి, బిగించి, ఈసారి అక్కడ కూడా వేజిలీన్ రాశాడు. అన్నీ వేసి మళ్ళీ కొలిచాడు. 0.04. అప్పుడు కోడ్ చెరిపాడు.

తిరుగుదారిలో పోర్టు రోడ్డు కలిసే చోటు దాటేదాకా ఆగాను. కారు మామూలుగా లాగుతోంది.

"నాన్నా, నువ్వు బిగించిన బోల్టు గట్టిగానే ఉంది. తప్పు నీది కాదు," అన్నాను.

"అయితే నేను కాదన్నమాట," అన్నాడు. కాసేపాగి, "మంచిదే," అన్నాడు.

ఎయిర్‌పోర్టు దాటాక మళ్ళీ అడిగాడు: "నేను బిగించింది సరిగ్గానే ఉందన్నావు కదూ?" ఉంది నాన్నా అన్నాను. గురుద్వారా దగ్గర మళ్ళీ అడిగాడు. ప్రతిసారీ, మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాను. నేను ఆయనకి బాకీ ఉన్నది అంత మాత్రమే అయితే ఎంత బావుండేది.

*

తాళాలు ఇప్పటికీ బియ్యం డబ్బాలోనే ఉన్నాయి. ఇది కూడా చెప్పాలి. ఎర్త్ విషయంలో ఆయన చెప్పింది నిజమైనంత మాత్రాన రోడ్డు మీదికి పంపలేను. ఒక విషయంలో నమ్మాలి, ఇంకో విషయంలో నమ్మకూడదు. ఇదివరకు నాకీ రెండూ విడివిడిగా కనపడేవి కావు. ఒక్క పచ్చలైటు వెలిగితే చాలు, మొత్తం మనిషినే మార్చెయ్యాలన్నట్టు చూసేదాన్ని.

ఆటోనగర్ నుంచి వచ్చాక నాన్న ఒక మీటరు కొనుక్కున్నాడు. పాత లాగ్‌బుక్ లాంటి నోటుపుస్తకం తీశాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం నేను కారు స్టార్ట్ చేసి, ఏసీ, లైట్లు అన్నీ వేస్తాను. ఆయన బానెట్ ఎత్తి, రెండు పుల్లలూ ఆనించి, అంకె చూసి రాస్తాడు. ఎడమ గడిలో తేదీ, కుడి గడిలో వోల్టులు. చేతిరాత మారలేదు.

నవంబరు 2. 0.04.

డిసెంబరు 7. 0.04.

జనవరి 4న పొద్దున్న ఒకసారి కొలిచాం. 0.04. మధ్యాహ్నం భోజనాలయ్యాక, "ఇవాళ మొదటి ఆదివారం కదా, కొలవలేదు," అన్నాడు. కొలిచాం నాన్నా అని నోటిదాకా వచ్చింది. తాళం తీసుకుని కిందికి దిగాను. 0.04. సాయంత్రం సముద్రం మీదినుంచి గాలి లేచాక మళ్ళీ అన్నాడు. మళ్ళీ దిగాను, మళ్ళీ స్టార్ట్ చేశాను, అన్నీ వేశాను.

మూడోసారి రాయబోతూ పైన ఉన్న రెండు వరసలూ చూశాడు. అదే తేదీ, తన చేతిరాతే. కాసేపు అలాగే చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను స్టీరింగ్ దగ్గర కూర్చునే ఉన్నాను. ఏమీ అనలేదు.

కింద మూడో వరసలో తేదీ వేసి 0.05 అని రాశాడు.

"ఒక పాయింటు పెరిగింది," అన్నాడు బానెట్ దించుతూ. "చూస్తూ ఉండాలి."